నాన్న డయాలసిస్ వద్దంటున్నారు, ఒప్పుకోవాలా?

గోదారిగట్టు: నాన్నకు 79. రెండు కిడ్నీలూ పోయాయి. నాలుగు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. పోయిన వారం నుంచి "ఇక చాలమ్మా, నన్ను ఇంట్లో ఉండనివ్వండి" అంటున్నారు. మతి బాగానే ఉంది, పొద్దున్నే పేపరు చదువుతారు. అన్నయ్యేమో బలవంతంగానైనా తీసుకెళ్దామంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

నల్లమల: మీ అన్నయ్యే కరెక్ట్. మానేస్తే ఆత్మహత్యకు ఒప్పుకున్నట్టే. లివింగ్ విల్, అంటే చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకున్న కాగితం, లేకపోతే చట్టం కూడా ఒప్పుకోదు. దానికి మేజిస్ట్రేట్ సంతకం కావాలి.

ఉప్పుటేరు: మేజిస్ట్రేట్ సంతకం పాత మాట. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను ఒప్పుకుంది. అప్పట్లో ఆ సంతకం కావాలన్నారు. 2023లో సడలించారు. ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు. అయినా ఆ కాగితం మనిషి తన మాట తాను చెప్పలేనప్పుడు. ఈవిడ నాన్నగారు నోటితో చెబుతున్నారు కదా! స్పృహలో ఉన్న మనిషి వైద్యం వద్దనవచ్చని ఆ తీర్పులోనే ఉంది.

నల్లమల: నాలుగు డబ్బులిస్తే నోటరీ స్టాంపు ఎక్కడైనా పడుతుంది. ఆస్తి కోసం రాయించుకుంటే?

ఉప్పుటేరు: కాగితం ఒక్కటే చాలదండీ. రెండు మెడికల్ బోర్డులు చూడాలి.

నల్లమల: ఆ బోర్డుల్లో ఉండేదీ ఆస్పత్రి వాళ్లేగా.

పాలమూరు పిల్ల: నోటరీ గొడవ ఆపండి. ఆవిడ అడిగింది అది కాదు.

ఉప్పుటేరు: మా అమ్మను పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచాం. పైపు లాగేస్తోందని చేతులు మంచానికి గుడ్డతో కట్టారు. మణికట్ల దగ్గర చర్మం కమిలిపోయింది. నాకిలాంటివి వద్దురా అని ముందే చెప్పింది. అన్నల ముందు నేను నోరెత్తలేదు. మీలాంటి వాళ్లు ఆత్మహత్య అంటారనే.

నల్లమల: నా సంగతి మీకేం తెలుసు? మా నాన్న కీమో వద్దంటే సరే అన్నాను. పెద్దకర్మ రోజు పంక్తిలో అందరూ వింటుండగా "ఖర్చుకు భయపడి వదిలేశాడు" అంది మేనత్త. ఆరేళ్లయింది. ఆయన నిజంగా వద్దనుకున్నారో, నాకు భారమవుతానని అన్నారో తెలియదు. నేను అడగలేదు.

ఉప్పుటేరు: అయితే ఆవిడను అదే అడగమనండి. బలవంతంగా తీసుకెళ్లమనకండి.

సీతాకోక: పాలియేటివ్ కేర్‌లో, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యంలో, నర్సుని. డయాలసిస్ ఆపితే సాధారణంగా వారం పది రోజులు, మూత్రం కొంచెం వస్తుంటే ఇంకొన్నాళ్లు. ఆయాసానికి, దురదకు, వాంతులకు మందులుంటాయి. డయాలసిస్ మానినా వైద్యం మానక్కర్లేదు. ముందు ఎందుకు వద్దంటున్నారో కనుక్కోండి. దిగులు వల్లయితే దానికీ మందుంది.

గోదారిగట్టు: రాత్రి అడిగాను. సూది నొప్పికి కాదట, ఖర్చు గురించీ కాదట. సోమ, బుధ, శుక్రవారాలు ఆస్పత్రి. మర్నాడంతా లేవలేక పడుకునే ఉంటారు. "వారంలో నాకు మిగిలేది ఒక్క ఆదివారమేనమ్మా" అన్నారు. అన్నయ్యకు ఫోన్ చేసి ఇదే చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఊళ్లో వాళ్లకేం చెబుదాం?" అన్నాడు. ఆదివారం వస్తున్నాడు.