ఎథీరియల్ ప్లేన్‌లో కోట గోడ అడ్డు రాదు, షాడోఫెల్‌లో ఎందుకు వస్తుంది?

ప్రశ్న:
నేను డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటను అయిదో ఎడిషన్ (2014) నియమాలతో నడిపిస్తున్నాను. మా మాంత్రికుడు తనను ఎథీరియల్ ప్లేన్‌లోకి చేర్చే ఎథీరియల్‌నెస్ మంత్రం వేసుకొని, కోట గోడలోంచి నడిచి ఖజానా గదిలోకి చేరాలనుకుంటున్నాడు. ఆటలోని వేర్వేరు లోకాల్లో (ప్లేన్లలో) ఎథీరియల్ ప్లేన్, షాడోఫెల్ రెండూ పాత్రలు మామూలుగా తిరిగే మెటీరియల్ ప్లేన్‌ను అంటిపెట్టుకొనే ఉంటాయని చదివాను. మరి మొదటిదానిలో గోడ అడ్డు రాకపోవడం, రెండోదానిలో దాదాపు అదే చోట మరో కోట ఎదురుకావడం ఎలా పొసగుతుంది?

మొదటి జవాబు:
అవి రెండూ ఒకే తీరున అంటిపెట్టుకొని లేవండి. ఎథీరియల్ ప్లేన్ అంచు భాగమైన బోర్డర్ ఎథీరియల్ మన లోకం (మెటీరియల్ ప్లేన్) మీద పూర్తిగా పరచుకొన్న పొర కాబట్టి, ఇక్కడ మెట్ల దగ్గర మాయమైనవాడు అక్కడా ఆ మెట్ల దగ్గరే ఉంటాడు. అతనికి 60 అడుగుల మేర ఇక్కడి దృశ్యం బూడిద రంగులో కనిపిస్తుంది గానీ, ఇక్కడి రాయి అతన్ని ఆపలేదు. షాడోఫెల్ అలాంటి పొర కాదు, మెటీరియల్ ప్లేన్‌కు చీకటి ప్రతిబింబం. దానికి సొంత నేల, సొంత రాళ్లు ఉన్నాయి కాబట్టి, అక్కడ నిలబడ్డవాడికి అక్కడి గోడ నిజమైన గోడే. నా మట్టుకు నేను ఎథీరియల్ ప్రయాణానికి కోట మ్యాపునే వాడతాను, షాడోఫెల్‌కు మాత్రం వేరే మ్యాపు గీస్తాను.

రెండో జవాబు:
పై వివరణ సరైనదే, అయితే ఖజానాను కాపాడే దారులూ ఉన్నాయి. వాల్ ఆఫ్ ఫోర్స్ అనే మంత్రపు గోడ ఎథీరియల్ ప్లేన్‌లోకి కూడా వ్యాపించి అటువైపు ప్రయాణాన్ని ఆపుతుంది. ఫర్‌బిడెన్స్ అనే మంత్రం ఇంకా గట్టిది: ఎథీరియల్, ఆస్ట్రల్, ఫేవైల్డ్, షాడోఫెల్ లోకాల దారులన్నిటినీ మూసేస్తుంది, ఒకే చోట 30 రోజులు వరసగా వేస్తే ఎవరైనా మంత్రంతో తొలగించేదాకా నిలిచి ఉంటుంది. సంపన్నుడైన రాజు ఆ పని చేయించి ఉంటాడనుకోవడం న్యాయమే. మాంత్రికుడు గోడ మధ్యలో ఉండగా అతని ఎథీరియల్‌నెస్ మంత్రం ముగిస్తే, దగ్గరలోని ఖాళీ చోటికి విసిరివేయబడి, జరిగిన ప్రతి అడుగుకూ రెండు పాయింట్ల చొప్పున దెబ్బ తింటాడన్నది కూడా ఆటగాడికి ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. లోపలికి చేరాక అతను బంగారాన్ని అక్కడి నుంచే తీసుకోగలడా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
తీసుకోలేడు. ఎథీరియల్ ప్లేన్‌లో ఉన్నంతసేపూ ఇక్కడి వస్తువులు అతని చేతికి అందవు. మంత్రం ముగించి బయటపడితేనే నాణేలు ముట్టుకోగలడు, ఆపైన తిరిగి వెళ్లడానికి మంత్రాన్ని మళ్లీ వేయడానికి ఏడో స్థాయి లేదా అంతకు పై స్లాటు (మంత్రం వేసే అవకాశం) మరొకటి కావాలి.