రెక్క, బాడీ కలిసే మూలలో డ్రాగ్ (గాలి నిరోధం): లో-వింగ్ మోడల్‌కి ఫిల్లెట్ ఎంత, ఎలా?

ప్రశ్న (విజయనగరం, బీటెక్ విద్యార్థి):
అన్నలూ, కాలేజీ పోటీకి లో-వింగ్ (రెక్క బాడీ అడుగున ఉండే) ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానం మోడల్ కట్టాం. స్పాన్ (రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి) 1.6 మీటర్లు, రూట్ (రెక్క బాడీని కలిసే చోటు) దగ్గర కార్డ్ (రెక్క ముందంచు నుంచి వెనకంచుకి వెడల్పు) 250 మి.మీ., బరువు 2 కిలోలు. బాడీ గుండ్రం. రెక్క థర్మాకోల్ మీద గ్లాస్ క్లాత్, విప్పి పెట్టుకునేలా ఉంది. స్పీడు తగ్గించి ముక్కు కాస్త ఎత్తితే చాలు, తోక వణుకుతోంది. ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) లింకేజీలో లూజు లేదు. రూట్ దగ్గర ఫిల్లెట్ (మూలని నున్నటి వంపుగా నింపే పూత) పెట్టమంటున్నారు. సైజు ఎంత, దేంతో చెయ్యాలి?

జవాబు (బొబ్బిలి):
తమ్ముడూ, ఫిల్లెట్ కట్టే ముందు గాలి నిజంగా అక్కడే విడిపోతోందో లేదో చూడండి. 4-5 సెం.మీ. ఊలు దారపు ముక్కలు కత్తిరించి, రెక్క పైభాగంలో కార్డ్ సగం నుంచి వెనక్కి, మూడేసి సెం.మీ. ఎడంతో సెల్లో టేపుతో అంటించండి. బాడీ పక్కన కూడా రెండు వరసలు వెయ్యండి. ఫిన్ (తోక మీది నిలువు రెక్క) మీద చిన్న కెమెరా పెట్టి స్పీడు తగ్గిస్తూ వీడియో తియ్యండి. దారాలు వెనక్కి తిన్నగా ఉంటే ఫిల్లెట్ అక్కర్లేదు. ముందుకి తిరిగి కొట్టుకుంటుంటే గాలి అక్కడ విడిపోయి ఎదురు దిశలో, ముందుకి పారుతున్నట్టే. ఆ చెదిరిన గాలే తోకని కుదుపుతుంది.

ఎందుకలా అంటే, లో-వింగ్‌లో గుండ్రటి బాడీకీ రెక్క పైభాగానికీ మధ్య మూల 90 డిగ్రీల కన్నా తక్కువ. రెక్క సగం దాటాక పైభాగం కిందికి వాలుతుంది, బాడీ కూడా తోకవైపు సన్నబడుతుంది. రెండూ ఒకేచోట గాలికి దారి వెడల్పు చేస్తాయి. వేగం తగ్గి పీడనం పెరుగుతుంది. రెండు గోడల పక్కనా ముందే నెమ్మదించిన పల్చటి పొర ఆ పీడనానికి ఎదురు వెళ్లలేక విడిపోతుంది. అందుకే ఇక్కడి డ్రాగ్ రెక్కదీ బాడీదీ విడివిడిగా కొలిచి కూడితే వచ్చే దానికన్నా ఎక్కువ. 1935లో నాకా (నాసాకి ముందున్న అమెరికా విమాన పరిశోధన సంస్థ) 209 రకాల రెక్క-బాడీ జోడింపుల మీద చేసిన టన్నెల్ పరీక్షల నివేదిక వేసింది. కొన్ని జోడింపుల్లో కేవలం ఆ మూల వల్లే గాలి ముందుగా విడిపోవడం అందులో కనిపిస్తుంది.

సైజు: లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందంచు) దగ్గర 5 మి.మీ. రేడియస్ చాలు. రెక్క బాగా మందంగా ఉన్న చోట 10. ట్రెయిలింగ్ ఎడ్జ్ (వెనకంచు) దగ్గరికి 25, అంటే కార్డ్‌లో 10 శాతం. అక్కడితో ఆపొద్దు, ఇంకో 60-80 మి.మీ. వెనక్కి లాగి బాడీలో కలిపెయ్యండి. చాలామంది మొదటినుంచి చివరిదాకా ఒకే రేడియస్ పెట్టేస్తారు. ముందు బరువు దండగ, వెనక అవసరమైనంత ఉండదు.

జవాబు (ఆమదాలవలస):
పై మాటకి ఒకటి కలుపుతాను. ముందు సందు మూయండి. రెక్క విప్పేది కాబట్టి, సర్వో (రెక్క పలకల్ని తిప్పే చిన్న మోటారు) వైర్ల కన్నం నుంచీ రెక్క అంచు నుంచీ లోపలి గాలి తక్కువ పీడనం ఉన్న పైభాగంలోకి చిమ్ముతుంది. దానికే గాలి విడిపోవచ్చు. 3 మి.మీ. ఫోమ్ టేపు పెట్టి మళ్లీ దారాలు చూడండి. దాంతోనే సరిపోతే ఫిల్లెట్ పనే లేదు.

ప్రశ్న అడిగిన తమ్ముడు:
టేపు పెట్టాం అన్నా. వణుకు తగ్గింది, పోలేదు. వెనక మూడో వంతులో దారాలు ఇంకా ముందుకే తిరుగుతున్నాయి. దేంతో కట్టాలి?

జవాబు (ఆమదాలవలస):
ఎపాక్సీ, మైక్రోబెలూన్ (సన్నటి బోలు గుళ్ల తేలికపాటి పొడి). పాలిస్టర్ రెజిన్ మాత్రం వద్దు, అందులో స్టైరీన్ ఉంటుంది, గ్లాస్ పొర పల్చగా ఉన్నచోట థర్మాకోల్‌ని తినేస్తుంది. రెజిన్, హార్డెనర్ డబ్బా మీద రాసిన పాళ్లలో తూకం వేసి, బాగా కలిపాకే పొడి వెయ్యండి. గారెల పిండిలా గరిటెకి నిలవాలి. జారితే ఇంకాస్త పొడి. ఒకేసారి ఎక్కువ కలిపితే కప్పులోనే వేడెక్కిపోతుంది, 30 గ్రాముల చొప్పున కలపండి.

ఫిల్లెట్ బాడీకి అంటుకోవాలి, రెక్కకి కాదు. రెక్క మీద బ్రౌన్ టేపు వేసి, పైన మైనం పాలిష్ రుద్ది బిగించండి. బాడీ అంచుని 120 నంబరు పేపరుతో గరుకు చెయ్యండి. ఆకారానికి పీవీసీ పైపు ముక్కలు చాలు: 20 మి.మీ. పైపు 10 రేడియస్ ఇస్తుంది, 50 పైపు 25 ఇస్తుంది. మధ్యలో 32 పైపు. పైపుని మూలలో ఆనించి ముందునుంచి వెనక్కి లాగితే మిగులు దానంతటదే పక్కకి వస్తుంది.

మీ కొలతలకి కార్డ్ పొడవునా రెండు వైపులా కలిపి 32 సీసీ దాకా పడుతుంది, బరువు సుమారు 20 గ్రాములు. ఫిల్లెట్ వెనక్కి లాగిన చివరి భాగానికి థర్మాకోల్ ముక్క లోపల పెట్టి పైన పల్చగా పూయండి. లేకపోతే బరువంతా వెనక్కి పోయి సీజీ (బరువు కేంద్రం) జరుగుతుంది. అయ్యాక సీజీ మళ్లీ చూడాల్సిందే.

మన తీరంలో తేమకి ఎపాక్సీ మీద జిడ్డు పొర వస్తుంది. సబ్బునీళ్లతో కడిగి ఆరాకే సానపట్టండి, లేకపోతే పెయింట్ లేచిపోతుంది. పేపరు రుద్దేటప్పుడు రెండు అంచులకీ మాస్కింగ్ టేపు వెయ్యండి, లేకపోతే పక్కనున్న పల్చటి గ్లాస్ పొర కూడా అరిగిపోతుంది.

జవాబు (బొబ్బిలి):
లాభం ఎంతో కొలవాలంటే, ఫిల్లెట్ కట్టకముందొకసారి, కట్టాక ఒకసారి, సముద్రపు గాలి లేవకముందు తెల్లవారుజామున గ్లైడ్ చేయించండి. మోటారు ఆపి, ప్రొపెల్లర్ రెండు సార్లూ ఒకే స్థితిలో ఉంచి, 14 మీ./సె. వేగం పట్టి లాగ్‌లో (మోడల్‌లో రికార్డయిన డేటాలో) దిగే వేగం చూడండి. సెకనుకి 1.4 మీటర్లు దిగితే డ్రాగ్ 200 గ్రాముల బరువుకి సమానం. అందులో 5 శాతం తగ్గితే దిగే వేగం 1.33కి వస్తుంది. తేడా ఇంత చిన్నది కాబట్టి ఎదురు దిశల్లో కనీసం ఆరేసి సార్లు దింపి సగటు తియ్యండి. భోగాపురం విమానాశ్రయం వైపు ఎగరేస్తే ముందు డ్రోన్ గగనతల మ్యాపు చూసుకోండి.