నీతికి దేవుడి పూచీ కావాలా?

పూర్వపక్షం:

ఈ విషయం ఎత్తగానే "భక్తుల్లో దొంగలు లేరా, నాస్తికుల్లో మంచివాళ్లు లేరా" అంటారు. ఉన్నారు, ఎవరు కాదన్నారు? దానివల్ల తేలేదేమీ లేదు, పక్కన పెడదాం. నమ్మకం లేనివాడు మంచిగా బతకలేడని నేననడం లేదు. "నువ్వీ పని చేసి తీరాలి" అని అతను ఇంకొకరితో అన్నప్పుడు ఆ "తీరాలి"కి అధికారం ఎక్కడిది? అదీ నా ప్రశ్న.

తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ 1958లో రాసిన వ్యాసంలో సరిగ్గా ఇక్కడే పట్టుకున్నారు. నైతిక విధి అన్న భావన, శాసనం చేసే దేవుడున్నాడన్న నమ్మకం ఉన్న రోజుల్లో పుట్టింది. నమ్మకం పోయింది, భావన మిగిలింది. నేర చట్టాలూ కోర్టులూ రద్దయి జనం వాటిని మరిచిపోయాక కూడా "నేరస్థుడు" అన్న మాట చలామణిలో ఉండటం లాంటిదంటారామె. ఆస్తికురాలి మాట కదా అని కొట్టిపారేస్తారేమో, ఇంకో తత్వవేత్త జె.ఎల్. మాకీ పక్కా నాస్తికుడు. మన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా మనల్ని శాసించే విలువలు లోకంలో ఎక్కడా లేవని, మన నీతి మాటలన్నిటి కిందా ఒక పొరబాటు ఉందని 1977లో వాదించాడు. దేవుణ్ణి తీసేస్తే ఏం మిగులుతుందో దాచకుండా చెప్పిన మనిషి.

నీలిసిరా:

పూర్వపక్షం గారూ, ఆన్‌స్కోంబ్‌ని సగంలో ఆపేశారు. ఆ వ్యాసంలో ఆవిడ "కాబట్టి దేవుణ్ణి నమ్మండి" అనలేదు. ఆ గాల్లో వేలాడే "తీరాలి"ని వీలైతే వదిలేసి, అరిస్టాటిల్ లాగా "ఇది అన్యాయం", "ఇది అబద్ధం", "ఇది పిరికితనం" అని మాట్లాడుకుంటే మేలన్నారు. తాను కాథలిక్ అయి ఉండి అన్న మాట ఇది. అప్పు ఎగ్గొట్టడం అన్యాయమని చెప్పడానికి శాసనకర్త అవసరం లేదు. అప్పు అంటే ఏమిటో తెలిస్తే చాలు.

మాకీ కూడా చేతులెత్తేసి కూర్చోలేదు. అదే పుస్తకంలో మిగతా భాగమంతా నీతిని మనుషులు ఎలా నిర్మించుకోవచ్చన్నదే.

ఇక అసలు సంగతి. "నీతి మతం మీద ఆధారపడుతుందా" అన్నది ఒక ప్రశ్న కాదు, మూడు. మంచేదో తెలుసుకోవడానికి మతం కావాలా? తెలిసినదాన్ని ఆచరించడానికి కావాలా? అసలు మంచి మంచి కావడానికే కావాలా? మీది మూడోది. దానికి ప్లేటో 'యూథైఫ్రో' సంభాషణలో సోక్రటీస్ వేసిన ప్రశ్న ఇంకా అక్కడే కూర్చుని ఉంది: మంచిది కాబట్టి దేవుడికి నచ్చిందా, నచ్చింది కాబట్టి మంచిదయిందా? మొదటిదంటే మంచి అనేది దేవుడి కంటే ముందే ఉన్నట్టు. రెండోదంటే పసిపిల్లల్ని హింసించమని ఆజ్ఞ వచ్చినా అది మంచే అవుతుంది. ఇది నాస్తికులు పనిగట్టుకుని పెట్టిన చిక్కు కూడా కాదు. ఇస్లాం లోపలే రెండు శాఖల పండితులు, ముఅతజిలాలు మొదటి పక్షం, అష్అరీలు రెండో పక్షం పట్టి శతాబ్దాలు వాదించుకున్నారు.

పూర్వపక్షం:

యూథైఫ్రో వస్తుందని తెలుసు. రెండే దారులున్నాయని ఎవరన్నారు? తత్వవేత్త రాబర్ట్ ఆడమ్స్ 1970లలో ఇచ్చిన సవరణ చూడండి. తప్పు అంటే "ప్రేమమయుడైన దేవుడి" ఆజ్ఞకు విరుద్ధమైనది. ఆ విశేషణం అలంకారానికి పెట్టింది కాదు, సిద్ధాంతం బరువంతా దాని మీదే ఉంది. దేవుడు క్రూరత్వం కోసమే క్రూరత్వం చేయమంటే ఆయన ప్రేమమయుడు కాడు, అప్పుడా ఆజ్ఞతో ఏ విధీ పుట్టదు. మంచికి ఆధారం దేవుడి స్వభావం, విధికి ఆధారం ఆజ్ఞ. రెండూ విడదీస్తే మీ చిక్కు విడిపోతుంది.

నీలిసిరా:

ఒక మెట్టు పైకి జరుగుతుందంతే. ప్రేమ, దయ, న్యాయం అనే గుణాలు మంచివెందుకు? దేవుడికున్నాయి కాబట్టి అంటే, ఆయనకు ద్వేషం ఉంటే అదే మంచయ్యేది. ఆయనకు అలా ఉండటం అసాధ్యం అంటారు, సరే. ఎందుకు అసాధ్యం? ద్వేషం చెడ్డది కాబట్టి అన్నారంటే కొలబద్ద బయట ఉన్నట్టే. ఆడమ్స్ సవరణ విధికి బాగా పనికొస్తుందని ఒప్పుకుంటాను. మంచికి పనికిరాదు.

తాళపత్రం:

మీరిద్దరూ దేవుడూ మతమూ ఒకటేనన్నట్టు మాట్లాడుతున్నారు. వేదవిధుల అర్థాన్ని విచారించే దర్శనం వాళ్లు, పూర్వ మీమాంసకులు, ఏమన్నారో చూడండి. ధర్మాన్ని ప్రత్యక్షంతో (కళ్లారా చూసి), అనుమానంతో (తర్కించి ఊహించి) తెలుసుకోలేం, వేదవిధి ఒక్కటే ప్రమాణం. అంతవరకు మీకు కరడుగట్టిన మతవాదంలా కనిపిస్తుంది. కానీ వేదం అపౌరుషేయం, దాన్ని ఎవరూ రాయలేదు, దేవుడు కూడా. ఆ దర్శనంలో పెద్ద ఆచార్యుడు కుమారిల భట్టు సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్నే ఖండించాడు. ఆజ్ఞ ఉంది, ఆజ్ఞాపించినవాడు లేడు! ఆన్‌స్కోంబ్ అసాధ్యమనుకున్న నమూనా మీద ఒక దర్శనం మొత్తం నడిచింది. బౌద్ధ, జైనాల్లోనూ సృష్టికర్త లేడు, కర్మ నియమం ఉంది. పూర్వపక్షం గారి వాదన ఏకేశ్వర మతాలకు సరిపోతుంది, "మతం" అన్నదానికంతటికీ కాదు.

ఇంకొకటి. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుని నిలదీస్తుంది: ధర్మం పట్టుకుని వేలాడి నీకు ఒరిగిందేమిటి అని. ఆయన జవాబు, నేను ఫలం కోసం చేయడం లేదు, ధర్మంతో వ్యాపారం చేసేవాడు అధముడు అని. అదే సంభాషణలో ధర్మానికి ఫలం తప్పకుండా ఉంటుందని కూడా అంటాడు, ఆ ఇరకాటాన్ని దాచిపెట్టకూడదు. ఫలం ఉందన్న నమ్మకమూ, ఫలం కోసం చేయకూడదన్న నియమమూ రెండూ కావాలాయనకి.

చిన్నప్రశ్న:

ఇవన్నీ పండితుల గొడవలు. మామూలు మనిషికి పైనెవరో చూస్తున్నాడన్న భయం లేకపోతే ఆగుతాడా? ప్రపంచంలో చాలామంది అలాగే అనుకుంటున్నారు కదా?

నీలిసిరా:

అనుకుంటున్నారు. ప్యూ అనే సర్వే సంస్థ 2019లో 34 దేశాల్లో అడిగితే నీతిగా ఉండటానికి దైవనమ్మకం తప్పనిసరి అన్నవాళ్లు మధ్యగత లెక్కన 45 శాతం. ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ 1689లో మత సహనం గురించి రాస్తూ కూడా నాస్తికులను మినహాయించాడు, వాళ్లను మాటా ప్రమాణమూ కట్టిపడేయలేవని. అంతకు ఏడేళ్ల ముందే ఫ్రెంచి తత్వవేత్త పియర్ బేల్ నాస్తికుల సమాజం కూడా సవ్యంగా నడవగలదని రాశాడు. మనుషులు నమ్మకం ప్రకారం కాక అలవాట్లు, కోరికలు, పరువు ప్రకారం నడుస్తారన్నది ఆయన లెక్క. లాక్ భయం చట్టంలో చాలాకాలం బతికింది. బ్రిటిష్ పార్లమెంటుకు 1880లో ఎన్నికైన చార్లెస్ బ్రాడ్‌లా నాస్తికుడు కావడంతో ప్రమాణం దగ్గర పేచీ వచ్చి 1886 దాకా సీటు స్థిరపడలేదు. దేవుడి పేరు లేకుండా మాట ఇచ్చే హక్కు 1888 చట్టంతో అందరికీ వచ్చింది. మాట తప్పడాలు దానివల్ల పెరిగాయని ఎవరూ చూపలేదు.

ఎంతమంది అనుకుంటున్నారన్నది మాత్రం నిజానికి సాక్ష్యం కాదు. ఆ భాగం గణకుడు గారికి వదిలేస్తా.

గణకుడు:

చిన్నప్రశ్న గారి ప్రశ్న ఒక్కటే పరీక్ష పెట్టి చూడదగ్గది. ముందు ఏది పనికిరాదో చెబుతాను. "మీరు దానం చేస్తారా, అబద్ధమాడతారా" అని అడిగి, మతస్థుల జవాబుల్నీ ఇతరుల జవాబుల్నీ పోల్చే సర్వేలు. భక్తులు తమను తాము కొంచెం మంచిగా చెప్పుకునే మొగ్గు ఎక్కువని ఆ సర్వేల్లోనే బయటపడింది. కాబట్టి చేతలు చూడాలి.

చేతలు చూడటానికి బాగా పనిచేసే ఆట ఇది. ఆడే మనిషి ముందు రెండు కప్పులు, 30 నాణేలు, ఒక పాచిక. పాచికలో మూడు ముఖాలు ఒక రంగు, మూడు ఇంకో రంగు. ఒక కప్పులో పడ్డ డబ్బు తనకు, రెండో దాంట్లోది దూరాన ఉన్న, తన మతానికే చెందిన ఒక అపరిచితుడికి. ప్రతి నాణేనికీ ముందు మనసులో ఒక కప్పు అనుకోవాలి. తర్వాత పాచిక వేయాలి. మొదటి రంగు పడితే అనుకున్న కప్పులో, రెండో రంగు పడితే ఎదుటి కప్పులో వేయాలి. మనసులో ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు, ఒంటరిగా ఆడతాడు. ఎవరూ పట్టుకోలేని మోసానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు.

నిజాయితీగా ఆడితే సగటున 15 నాణేలు అవతలి కప్పులో పడాలి. ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ మామూలుగా వచ్చే తేడా, 2.7 దాకా ఉంటుంది. అంటే ఒక మనిషి 12 మాత్రమే వేస్తే అతను మోసగాడని చెప్పలేం, అదృష్టం కావచ్చు. వందమంది సగటు 12 వస్తే మాత్రం ఖాయంగా మోసం ఉంది. ఈ పద్ధతి నేరం ఎవరిదో చెప్పదు, గుంపులో ఎంత ఉందో చెబుతుంది.

పరిశోధకుడు పర్జికి బృందం 2016లో ఎనిమిది సమాజాల్లో 591 మందితో ఈ ఆట ఆడించింది. మొదట ప్రతి ఒక్కరినీ నీ దేవుడికి మనుషుల మనసులో మాటలు తెలుసా, తప్పు చేస్తే శిక్షిస్తాడా అని అడిగారు. తన దేవుడు ఎక్కువ తెలిసినవాడు, ఎక్కువ శిక్షించేవాడు అన్నవాళ్లు దూరపు సహమతస్థుడి కప్పులో ఎక్కువ నాణేలు వేశారు.

పూర్వపక్షం:

అయితే నా పక్షానికి బలం వచ్చినట్టేగా.

గణకుడు:

సగం బలం. రెండో కప్పు ఎవరిదో మళ్లీ చూడండి. సహమతస్థుడిది. పరాయి మతస్థుడితో కూడా అలాగే ఉంటారా అన్నది ఈ ఆట చెప్పదు. పైగా ఇది పరస్పర సంబంధం. భయమే నిజాయితీకి కారణమో, రెంటికీ వెనక ఇంకేదన్నా ఉందో ఈ లెక్క తేల్చదు.

కారణం చూపాలంటే దేవుణ్ణి గుర్తు చేసి చూడాలి. మనస్తత్వ పరిశోధకులు షరీఫ్, నోరెంజాయన్ 2007లో ఆ పని చేశారు. చిందరవందరగా ఉన్న ఐదు మాటల్లోంచి ఒకటి తీసేసి వాక్యం కట్టమన్నారు. కొందరి వాక్యాల్లో దేవుడు, పవిత్రం, ప్రవక్త లాంటి మాటలు దూర్చారు, ఇంకొందరికి పోలీసు, కోర్టు, ఒప్పందం లాంటివి, మిగతావాళ్లకు ఈ రెంటితో సంబంధం లేని మామూలు మాటలు. తర్వాత 10 డాలర్లు ఇచ్చి అపరిచితుడికి ఎంతిస్తావో నీ ఇష్టమన్నారు. రెండో ప్రయోగంలో సగటు దానం: దేవుడి మాటలకు 4.56, కోర్టు మాటలకు 4.44, ఏమీ లేనివాళ్లకు 2.56. దేవుడూ పోలీసూ దాదాపు సమానం! పని చేస్తున్నది చూస్తున్న కన్ను, అది ఎవరిదైనా ఒకటే అన్నట్టుంది.

అక్కడితో కథ ఆగితే బాగుండేది. 2015లో 600 మందికి పైగా మనుషులతో, విశ్లేషణ ఎలా చేస్తామో ముందే నమోదు చేసి మళ్లీ చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. మొదటి ప్రయోగాల్లో ఒకదాంట్లో 50 మంది, ఇంకోదాంట్లో 75 మంది. ఇంత చిన్న గుంపుల్లో ఇంత పెద్ద తేడా వస్తే అనుమానించాలి.

అవతలి పక్షం వాళ్లు ఎగిరి గంతేసిన పరిశోధన కూడా ఉంది. 2015లో ఆరు దేశాల్లో 1,170 మంది పిల్లలతో చేసి, మతం ఉన్న ఇళ్ల పిల్లలు స్టిక్కర్లు తక్కువగా పంచుకున్నారని ప్రకటించారు. తప్పెక్కడంటే, దేశాలకు ఇచ్చిన కోడ్ అంకెలను కంప్యూటర్ నిజమైన పరిమాణాలుగా లెక్కలోకి తీసుకుంది. 2 నంబరు దేశం, 1 నంబరు దేశానికి రెట్టింపు అన్నట్టు. దేశాన్ని దేశంగా సరిదిద్దితే మతం ప్రభావం మాయమైంది, 2019లో వ్యాసాన్ని ఉపసంహరించారు. నీతి పట్టించుకునే దేవుళ్లు ముందా, పెద్ద సమాజాలు ముందా అన్నదానిపై 2019లో వచ్చిన ఇంకో పేరున్న వ్యాసం కూడా 2021లో వెనక్కి పోయింది. అక్కడ సమాచారం దొరకని ఖాళీలను "నీతి పట్టించుకునే దేవుడు లేడు" అని నింపేశారు.

చిన్నప్రశ్న:

మరి ఏదీ నమ్మొద్దా?

గణకుడు:

నేను నమ్మేది సందర్భం బలాన్ని. డార్లీ, బాట్సన్ 1973లో మతగురువులు కాబోయే 40 మంది విద్యార్థులను, ప్రసంగం చేయడానికని పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో ఆగి సాయం చేసింది 10 శాతం. తొందర లేనివాళ్లలో 63 శాతం. కొందరు చేయబోయే ప్రసంగం, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ మీదే. అయినా దానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నమ్మకాన్ని కొలిచి మనిషి ఏం చేస్తాడో ఊహించడం కష్టం, అతని చేతిలో ఎన్ని నిమిషాలున్నాయో అడిగితే కొంత మేలు.

పూర్వపక్షం:

ఒప్పుకుంటాను, ఇదంతా నీలిసిరా గారి రెండో ప్రశ్నకు జవాబు. మూడోదాన్ని ఇంకా ముట్టుకోలేదు. పాచిక ఎన్నిసార్లు వేసినా మోసం తప్పెందుకో అది చెప్పదు.

నీలిసిరా:

చెప్పదు. మొదటి ప్రశ్నకు మాత్రం ఒక మంచి ప్రయోగం ఉంది. నూచీ, టూరియెల్ 1993లో ప్రచురించారు. మతనిష్ఠ గల క్రైస్తవ, యూదు కుటుంబాల పిల్లలను అడిగారు: ఆరాధన దినాన పని చేయకూడదని దేవుడు చెప్పకపోయి ఉంటే చేయవచ్చా? చేయవచ్చు అన్నారు. దొంగతనం చేయమని దేవుడే రాసి ఉంటే? అప్పుడూ తప్పే అన్నారు ఎక్కువమంది. అదే నోటితో, అదే దేవుడి గురించి. ఏ నియమం ఆజ్ఞ మీద నిలబడుతుందో, ఏది అవతలివాడికి కలిగే హాని మీద నిలబడుతుందో వాళ్లు విడదీసుకున్నారు.

పూర్వపక్షం:

విడదీశారు, నిజమే. కానీ అందులో కొందరు "దేవుడు అలా రాయడు" అనే కదా వాదిస్తారు? అది ఆడమ్స్ మాటే. పిల్లలు నా పక్షాన కూడా ఉన్నారు.

తాళపత్రం:

మీమాంసకుడైతే ఆ పిల్లలను వేరే ప్రశ్న అడిగేవాడు: దేవుడి సంగతి వదిలేయ్, రాసినవాడే లేని శాసనంలో అలా ఉంటే? ఆ ప్రశ్నతో ఎవరైనా ప్రయోగం చేస్తే చూడాలని ఉంది.