కింగ్ జేమ్స్ బైబిల్లో వాలు అక్షరాల గురించి తెలిసినవారు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా తాతయ్య చదివిన కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్ ఇప్పుడు నా దగ్గరుంది. అందులో 23వ కీర్తన మొదటి వాక్యంలో 'ఈజ్' అన్న ఒక్క మాట వాలు అక్షరాల్లో ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. హీబ్రూ మూలంలో ఆ క్రియ లేదని, అనువాదకులు చేర్చిన మాటల్ని అలా వేరుగా చూపిస్తారని తర్వాత తెలిసింది. మన తెలుగులో 'యెహోవా నా కాపరి' అంటే చాలు, క్రియే అక్కర్లేదు! అనువాదకుల ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

1604లో తలపెట్టి, సుమారు 47 మంది పండితులు వెస్ట్‌మినిస్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో కూర్చుని చేసిన ఈ అనువాదం 1611లో అచ్చయింది. కొత్త నిబంధనలో చాలా భాగం, అంతకుముందే దాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించిన విలియం టిండేల్ మాటలే. ఆయన్ని 1536లో గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. ఆ పేరు నా ప్రతిలో ఎక్కడా లేదు. చూసి మనసు కష్టపడింది.

ఇప్పటి ప్రతులు ఎక్కువగా 1769 నాటి ఆక్స్‌ఫర్డ్ పాఠాన్నే అనుసరిస్తాయి కదా, మరి 1611 అచ్చులోనూ చేర్చిన మాటలు ఇవేనా, తర్వాత పెరిగాయా? టిండేల్ వాక్యాల్నీ వీటినీ పక్కపక్కనే చూపే పుస్తకం ఉంటే దయచేసి చెప్పండి. పాత బ్లాక్ లెటర్ (మందమైన, కోణాలున్న పాతకాలపు ఇంగ్లిష్ అక్షరాల) అచ్చు చదవలేకపోతున్నాను, మామూలు అక్షరాల్లో ఉంటే మేలు.