మారుతీ 800 పిస్టన్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

మా నాన్నగారి 2004 మారుతీ 800. మూడు సిలిండర్లు, 796 సీసీ. పోయిన ఎండాకాలం రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోకుండా నడిపి ఇంజన్ బాగా వేడెక్కించాను, తప్పు నాదే. అప్పటినుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ, ఆయిల్ కూడా తాగేస్తోంది. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూస్తే రెండో సిలిండర్‌లో బాగా తక్కువ. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే పెరిగింది. అంటే వాల్వుల కన్నా పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ల మీదే అనుమానం కదా.

షెడ్డులో హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పాను. రెండో సిలిండర్ గోడ మీద నిలువుగా మూడు గీతలు. వాటిలో ఒకటి గోటికి తగులుతోంది. పై అంచు కింద సన్నటి గట్టు కూడా ఉంది. మిగతా రెండు సిలిండర్లూ నున్నగానే ఉన్నాయి.

హోనింగ్ చేసి (గోడని రాయితో సన్నగా రుద్ది) స్టాండర్డ్ పిస్టన్లే వేస్తే ఆ గీత వల్ల మళ్ళీ ఆయిల్ తాగుతుందా? లేక బోర్ కొట్టించి (సిలిండర్‌ని కాస్త వెడల్పు చేయించి) 0.25 మి.మీ. ఓవర్‌సైజ్ వేయాల్సిందేనా? బోర్ అంటే ఇంజన్ దించి లేత్ షాపుకి తీసుకెళ్ళాలి, నా దగ్గర ఇంజన్ ఎత్తే చైన్ బ్లాక్ లేదు. అదే నా పెద్ద టెన్షన్.

ఇంకొకటి. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి పిస్టన్లు పైకి తోసేటప్పుడు ఆ గట్టుకి రింగులు పట్టేసి విరుగుతాయేమో, ముందు దాన్ని ఎలా తీస్తారు? పిస్టన్ రాడ్ల కింద ఉండే బేరింగ్ క్యాపులకి నంబర్లు వేసుకున్నాను. వాటి నట్లు ఎంత టార్క్‌తో (బిగింపు బలంతో) బిగించాలో మాన్యువల్ ఉన్నవాళ్ళు దయచేసి చూసి చెప్పండి. నాన్నగారు నేర్చుకున్న మొదటి కారు ఇది, పాడుచేయకుండా ఆయన చేతికి ఇవ్వాలి.