బడికి టెలిస్కోపు కొనాలా, ఆన్‌లైన్ టెలిస్కోపులో టైం కొనాలా?

సైన్సు టీచర్, నల్గొండ జిల్లా
మా హైస్కూలు పూర్వ విద్యార్థులు కొంత డబ్బు పోగుచేసి ఖగోళశాస్త్రానికే ఖర్చు పెట్టమన్నారు. దాంతో ఒక 8 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే అద్దం టెలిస్కోపు) వస్తుంది. లేదంటే స్లూ, ఐటెలిస్కోప్ లాంటి ఆన్‌లైన్ టెలిస్కోపు సర్వీసులకి చందా కట్టి చిలీలోనో స్పెయిన్‌లోనో ఉన్న టెలిస్కోపుతో క్లాసులో కూర్చునే ఫోటోలు తీయించుకోవచ్చు. స్టాఫ్ రూంలో రెండు పార్టీలయ్యాం. మీరేమంటారు?

మృగశిర
డాబ్సోనియన్ కొనండి సార్, రెండో ఆలోచన వద్దు. శని వలయాలు కంటితో చూసిన పిల్లవాడు గొట్టం ముందుకెళ్లి లోపల స్టిక్కర్ ఏమైనా అంటించారా అని వెతుకుతాడు. అదే స్క్రీన్ మీద చూపించండి, "ఇది గూగుల్‌లో ఉందిగా సార్" అంటాడు. పైగా చందా ఏడాదికి అయిపోతుంది, అద్దం జాగ్రత్తగా చూసుకుంటే ఈ పిల్లల పిల్లలకి కూడా పనికొస్తుంది.

అర్ధచంద్ర
కంటితో చూస్తేనే చూసినట్టా? లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును శాస్త్రవేత్తలు బెంగళూరు పక్కన హోసకోటలో కూర్చుని శాటిలైట్ లింకు మీద నడుపుతారు. అక్కడే ఉన్న 70 సెంటీమీటర్ల గ్రోత్ ఇండియా టెలిస్కోపుకైతే పక్కన మనిషి కూడా అక్కర్లేదు, తనే తిరుగుతుంది. అంతెందుకు, వందేళ్ల కింద మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు చేసింది కూడా ఫోటో పలకల మీద నక్షత్రాల స్థానాలు కొలవడమే. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మీద ఈ మోజు మన హాబీ వాళ్లకే.

మృగశిర
వాళ్లు కొలవడానికి కూర్చున్నారు అన్నా, తొమ్మిదో తరగతి పిల్లలు ఇంకా చూడనే లేదు. ఏది ఎక్కడుందో తెలియకుండా పేరు టైప్ చేసి ఫోటో తెప్పించుకుంటే వాడికి ఆకాశంలో ఏం తెలిసినట్టు?

గణితం మేడమ్
మీరిద్దరూ రాత్రి సంగతే మర్చిపోయారు. బడి నాలుగున్నరకి వదిలేస్తారు, ఊరి బస్సు అయిదుకి, ఆడపిల్లల్ని ఎనిమిదింటి దాకా ఉంచితే ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా? అమెరికాలోని అరిజోనాలో టెలిస్కోపు తీసుకుంటే అక్కడ రాత్రి 9 అయితే మనకు మర్నాడు ఉదయం 9:30, సరిగ్గా ఫస్ట్ పీరియడ్. వానాకాలంలో ఇక్కడ నెలల తరబడి మబ్బులున్నా అక్కడ చూడొచ్చు కూడా.

అర్ధచంద్ర
టైం లెక్క కరెక్టే మేడమ్, మబ్బుల సంగతే కాదు. అరిజోనాకీ వానాకాలం ఉంది, జులై ఆగస్టుల్లోనే, అక్కడి పెద్ద టెలిస్కోపులు కొన్ని అప్పుడు మూసేసి రిపేర్లు చేసుకుంటాయి. ఆ నెలల్లో చిలీ నయం.

మృగశిర
పగలు కూడా టెలిస్కోపుతో పనుంది. శుద్ధ అష్టమికి చంద్రుడు మధ్యాహ్నమే తూర్పున లేస్తాడు, బడి వదిలే వేళకి బాగా పైకొచ్చేస్తాడు, గోతులన్నీ కనిపిస్తాయి. ఎటు తిప్పినా సూర్యుడి వైపు మాత్రం పోనివ్వకండి, కళ్లు పోతాయి.

సిడ్నీ తెలుగోడు
ఒక్క మాట. మెగెల్లానిక్ మేఘాలని మన పాలపుంత పక్కనే రెండు చిన్న గెలాక్సీలున్నాయి. పెద్ద మెగెల్లానిక్ మేఘం నల్గొండలో దిగంతం మీద మూడు డిగ్రీలు లేస్తే గొప్ప, చిన్నదైతే లేనట్టే లెక్క. ఇక్కడ సిటీ దాటి నాలుగు గంటలు కారులో పోతే బాగా ఎత్తున కనిపిస్తుంది. ఈ రెండింటినీ పిల్లలకు చూపించాలంటే ఏ డాబ్సోనియనూ పనికిరాదు, దక్షిణాన ఉన్న టెలిస్కోపే దిక్కు.

ఇక గూగుల్ ఫోటో అంటారన్న భయానికి మందుంది. వెస్టా గ్రహశకలం ఉన్న చోటును ఈ రోజొకసారి, రేపొకసారి ఒకే టెలిస్కోపుతో తీయించండి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూపిస్తే అన్ని చుక్కలూ కదలకుండా ఉంటాయి, ఒక్కటి జరుగుతుంది. 1930లో క్లైడ్ టాంబా అరిజోనాలో ప్లూటోని పట్టింది ఈ పద్ధతిలోనే. ఏది జరిగిందో పిల్లలే వెతకాలి, మీరు చెప్పొద్దు.

సైన్సు టీచర్, నల్గొండ జిల్లా
మాది గురుకులం కాదు కాబట్టి మేడమ్ గారు చెప్పిందే పెద్ద చిక్కు. ఫ్రీగా ఏమైనా ఉన్నాయా?

అర్ధచంద్ర
హార్వర్డ్ స్మిత్‌సోనియన్ వాళ్ల మైక్రోఅబ్జర్వేటరీ ఉంది. 6 అంగుళాల చిన్న టెలిస్కోపులు, పైసా కట్టక్కర్లేదు. లైవ్ కాదు, ఇవాళ అడిగితే ఫోటో తర్వాత మెయిల్‌కి వస్తుంది. మసకగా, నలుపు తెలుపులో ఉంటుంది, రంగులు మనమే కలుపుకోవాలి. నన్నడిగితే అదే మంచిది, స్లూలో తళతళలాడే ఫోటో కంటే దీంట్లో పిల్లలకు చేతినిండా పని.

మృగశిర
అయితే గొడవేముంది, అది ఫ్రీ కదా, డబ్బంతా డాబ్సోనియన్‌కి పెట్టండి.

గణితం మేడమ్
పెట్టండి, కానీ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ముందు తేల్చండి. మా పాత బడిలో దాత ఇచ్చిన టెలిస్కోపు హెడ్మాస్టర్ గారి బీరువాలోనే ఉండేది, ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప బయటికి రాలేదు.

సైన్సు టీచర్, నల్గొండ జిల్లా
తాళంచెవి నా దగ్గరే ఉంటుంది మేడమ్. వెస్టా ఇప్పుడు ఏ రాశిలో ఉందో ఎవరైనా చెప్పండి, రేపే రిక్వెస్ట్ పెడతాను.