48కే స్పెక్ట్రమ్‌లో తెలుగు పేజీ: అక్షరాలు ఎవరు గీయాలి?

ప్రశ్న

మా మేనమామ వాడిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. 1980ల్లో ఇళ్ళల్లో వాడిన చిన్న కంప్యూటర్ స్పెక్ట్రమ్‌కు డెసిబెల్స్ సంస్థ మన దేశంలో తెచ్చిన మోడల్ ఇది. ఇంగ్లండ్‌లో ఉన్న అక్క ద్వారా ఇంటర్‌ఫేస్ 1 (దానికి సీరియల్ పోర్టు ఇచ్చే అదనపు పెట్టె) కూడా దొరికింది. జడ్88డీకే అనే కంపైలర్ కిట్ పెట్టుకుని సీ భాషలో చిన్న బ్రౌజర్ రాస్తున్నాను. ఫ్యూజ్ ఎమ్యులేటర్‌లో (పీసీ మీద స్పెక్ట్రమ్‌లా నటించే ప్రోగ్రామ్) పాతకాలపు హెచ్‌టీటీపీ పేజీలు, అదీ ఇంగ్లీషువి, బాగానే వస్తున్నాయి. రెండు చోట్ల ఆగిపోయాను. ఇప్పుడు సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే డేటాకు తాళం వేసి పంపే పద్ధతి. పైగా నేను చదవాలనుకున్నది తెలుగు వికీపీడియా. మామయ్య కూర్చున్న అదే మెషీన్ మీద తెలుగు వ్యాసం ఆయన చేత చదివించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు

తమ్ముడూ, ముందు కరెంటు సంగతి. స్పెక్ట్రమ్ అడాప్టర్ 9 వోల్టులు, పిన్ మధ్యలో నెగటివ్. బజార్లో దొరికేవాటిలో ఎక్కువ మధ్యలో పాజిటివ్‌గా ఉంటాయి. మీటర్ పెట్టి చూడకుండా గుచ్చవద్దు.

ఇక హెచ్‌టీటీపీఎస్. దాన్ని మెషీన్ మీదే చేయాలన్న ఆశ వదులుకో. స్పెక్ట్రమ్‌లోని 3.5 మెగాహెర్ట్జ్ జడ్80 ప్రాసెసర్‌కి గుణకారం చేసే ఇన్‌స్ట్రక్షనే లేదు. అది పక్కన పెట్టినా మెమొరీ చాలదు. ఆ తాళం వేసే టీఎల్‌ఎస్ పద్ధతిలో ఒక్కో రికార్డు (డేటా ముక్క) 16 కిలోబైట్ల దాకా ఉండొచ్చు, మొత్తం చేతికి వచ్చాకే అది సరైనదో కాదో తేలుతుంది. నీకున్న 48కేలో స్క్రీనుకే 6,912 బైట్లు పోతాయి. కాబట్టి పక్కన రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఇకమీదట ‘పై’) పెట్టు. తాళం తీసే పని దానిది, చదివే పని స్పెక్ట్రమ్‌ది. ఒక్క జాగ్రత్త: ‘పై’ నుంచి స్పెక్ట్రమ్ దాకా అంతా బాహాటంగానే వెళ్తుంది. పాస్‌వర్డులు కొట్టవద్దు, పై మీది ప్రోగ్రామ్‌ను ఇంటి నెట్‌వర్క్ దాటనివ్వవద్దు.

యూఎస్‌బీ సీరియల్ కేబుల్ చాలు. అయితే ఇంటర్‌ఫేస్ 1 సాకెట్ మామూలు తొమ్మిది పిన్నుల పద్ధతిలో ఉండదు. గ్రౌండ్ 5లో కాదు, 7లో ఉంటుంది. 4వ పిన్ హైలో లేకపోతే అవతల ఎవరూ లేరనుకుంటుంది.

అడిగినవారు

కేబుల్ కుదిరింది, అన్నా. సెకనుకు 9600 బిట్ల వేగంలో బైట్లు వస్తున్నాయి. కానీ మధ్యమధ్యలో కొన్ని పోతున్నాయి. ఇంకో అనుమానం: పేజీని పై మీదే బొమ్మగా మార్చి పంపిస్తే సులువు కదా?

జవాబు

సులువే. కానీ అప్పుడు ‘పై’యే బ్రౌజర్ అవుతుంది, స్పెక్ట్రమ్ ఉత్త టీవీ అవుతుంది. నాకు అది ఇష్టం లేదు. 2003లో ఆడమ్ డంకెల్స్ కాంటికీ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌తో 64కే కమోడోర్ మీద బ్రౌజర్ నడిపి చూపించారు. ట్యాగులు చదవడం, లింకులు పట్టడం, పేజీ కిందికి జరపడం ఈ చిన్న మెషీన్లకు చేతనైన పనులే. వాటిని లాక్కోవద్దు.

బైట్లు పోవడానికి కారణం: ఇంటర్‌ఫేస్ 1లో వచ్చిన బైట్లు దాచుకునే చోటు లేదు. స్క్రీను మీద గీస్తున్నప్పుడు వచ్చినవి పోతాయి. స్పెక్ట్రమ్ అడిగితేనే పై ఒక 256 బైట్ల ముక్క పంపాలి. చివర చెక్‌సమ్ (ముక్క సరిగా వచ్చిందో సరిచూసే సంఖ్య), తప్పితే మళ్ళీ అడగడం. స్క్రిప్టులు, స్టైళ్ళు మాత్రం పై దగ్గరే తీసేయండి. ఈ వేగంలో ఒక్క మెగాబైట్ రావడానికి 18 నిమిషాలు పడుతుంది.

మరో సభ్యురాలు

తెలుగు భాగం నేను చేస్తాను. నా ఆలోచన ఇదీ. ట్యాగులన్నీ 128 లోపు బైట్లే. తెలుగు బైట్లన్నీ ఆ పైన. అంటే తెలుగు మార్చడానికి పై మీది ప్రోగ్రామ్‌కు హెచ్‌టీఎంఎల్ అర్థం కానక్కర్లేదు. తెలుగు వచ్చినచోట ఒక్కో అక్షరాన్ని, ఒత్తులూ గుణింతంతో సహా, రెండు బైట్ల నంబరుగా మార్చి పంపితే చాలు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం, వెబ్ పేజీలు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. అది రెండుకు దిగుతుంది. ఆ నంబరు బొమ్మ స్పెక్ట్రమ్ దగ్గర లేకపోతే పైని అడుగుతుంది, ఉంటే తన దగ్గరిదే గీస్తుంది.

బొమ్మ ఎత్తు 24 చుక్కలు పెట్టాను. ఒత్తు కింద ఒత్తు వస్తే 16 చాలడం లేదు. వెడల్పు 8, 16 లేదా 24 చుక్కలు. అక్షరాలు కాస్త ఎడంగా కనిపిస్తాయి, కానీ బిట్లు జరపనక్కర్లేదు కాబట్టి గీయడం వేగం. 16 వెడల్పు అక్షరానికి 48 బైట్లు, అలాంటివి 200 దాచుకుంటే 9,600 బైట్లు. స్క్రీనుకు 8 వరుసలు వస్తాయి. 64 వరుసల చొప్పున మూడు భాగాలుగా ఉన్న ఆ స్క్రీన్ మెమొరీలో మన వరుసలు కొన్ని రెండు భాగాల మీద పడతాయి. 192 అడ్రసుల పట్టిక, అంటే 384 బైట్లు, ముందే పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

పై మీద పిల్లో (పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ) వాడుతుంటే అందులో రాక్మ్ (అక్షరాలను ఒత్తులతో కలిపి కూర్చే లైబ్రరీ) ఉందో లేదో చూడండి. లేకపోతే ఒత్తులు విడివిడిగా పడతాయి.

అడిగినవారు

అక్కా, వచ్చేసింది! రాజమండ్రి వ్యాసం మొదటి పేరా ఎమ్యులేటర్‌లో చదివాను. రెండో తెర మొదటిదానికన్నా చాలా త్వరగా వచ్చింది, అక్షరాలు చాలావరకు అప్పటికే ఉన్నాయి మరి. ఒక్క తప్పు: ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లు పోయి, ‘వ’ ఒత్తుగా మారి కిందికి దిగింది.

మరో సభ్యురాలు

తప్పు నాదే. ఆ మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. దాని యూనికోడ్ నంబరు తెలుగు వరుసలో ఉండదు, 200సీ దగ్గర ఉంటుంది. తెలుగు కాదనుకుని నా ప్రోగ్రామ్ పారేసింది. ముందున్న అక్షరంతో కలిపి ఉంచేలా ఈ రాత్రికి మారుస్తాను. ఇంటర్‌ఫేస్ 1 ఉన్న అసలు మెషీన్ మీ ఒక్కరి దగ్గరే ఉంది కాబట్టి ఆదివారం దాని మీద పరీక్షించి, ఎన్ని ముక్కలు మళ్ళీ అడగాల్సి వచ్చిందో లెక్క చెప్పండి. దాన్నిబట్టి 19200కి వెళ్ళొచ్చో లేదో చూద్దాం.